26 సెప్టెంబరు 1918: యుద్ధభూమి చూడని సైనికుడి ఊపిరితిత్తి

చరిత్రప్రియ:
మొదటి ప్రపంచయుద్ధం మీద ఈ వేదికలో ఎన్నో చర్చలు జరిగాయి. సొమ్, గల్లిపోలీ, కూట్ ముట్టడి అన్నీ అయ్యాయి. శత్రువు మీద తుపాకి పేల్చకుండానే, సముద్రం దాటకుండానే చనిపోయిన ఒక సైనికుడి గురించి మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. అతని పేరు రోస్కో వాన్. వయసు 21. అమెరికా సైన్యంలో సామాన్య సిపాయి. దక్షిణ కరొలైనా రాష్ట్రంలో కొలంబియా పక్కనున్న క్యాంప్ జాక్సన్‌లో శిక్షణ పొందుతున్నాడు.

1918 సెప్టెంబరు 19న జ్వరం, దగ్గుతో శిబిరం వైద్యుల దగ్గరికి వెళ్లాడు. వారం తిరిగేసరికి, 26వ తేదీ ఉదయం ఆరున్నరకు ప్రాణం పోయింది. అదే రోజు మధ్యాహ్నం రెండు గంటలకు సైనిక వైద్యుడు ఒకరు శవపరీక్ష చేశారు. ఊపిరితిత్తి ముక్క కోసి, ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో బిగించి వాషింగ్టన్‌కు పంపారు. అక్కడ అది దాదాపు ఎనభై ఏళ్లు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. 1918లో ప్రపంచాన్ని ఊడ్చేసిన ఇన్‌ఫ్లూయెంజా వైరస్ జన్యుపదార్థాన్ని శాస్త్రవేత్తలు మొట్టమొదట చూసింది ఆ ముక్కలోనే.

మరో సంగతి. అతను చనిపోయిన సెప్టెంబరు 26నే ఫ్రాన్సులో మ్యూజ్-ఆర్గాన్ దాడి మొదలైంది. పన్నెండు లక్షల మంది అమెరికన్ సైనికులు పాల్గొన్న యుద్ధం అది. ఆ రోజే అమెరికాలో సైనిక భర్తీ అధిపతి ఎనోక్ క్రౌడర్, అక్టోబరులో శిబిరాలకు రావలసిన కొత్తవారి పిలుపును రద్దు చేశాడు. లక్షా నలభై వేల మందికి పైగా ఇళ్లలోనే ఆగిపోయారు. ఇన్‌ఫ్లూయెంజా శిబిరాలను అంతగా పట్టి కుదిపేసింది.

సందేహజీవి:
విషయం బాగుంది. ఒక ప్రశ్న మాత్రం అడగాలి. శిక్షణ శిబిరంలో జ్వరంతో పోయినవాణ్ణి యుద్ధంలో మరణించినవాడిగా లెక్కించవచ్చునా? అదే జ్వరంతో ఊళ్లలో రైతులు పోయారు, గర్భిణులు పోయారు, బడిపిల్లలు పోయారు. సిపాయికి మాత్రం ప్రత్యేక గౌరవం ఎందుకు? వీరమరణం అనే మాటకు ఒక విలువ ఉంది కదా.

చరిత్రప్రియ:
ఈ ప్రశ్న అప్పుడే వచ్చింది. అమెరికా సైన్యాధిపతి పేటన్ మార్చ్ దగ్గరికే వచ్చింది. 1918 అక్టోబరు మొదట్లో అధ్యక్షుడు విల్సన్ ఆయనను పిలిపించి, ఓడల్లో సైనికులను పంపడం ఆపుదామా అని అడిగాడు. మార్చ్ ఒప్పుకోలేదు. రోగంతో చనిపోయిన ప్రతి సైనికుడూ ఫ్రాన్సులో మరణించిన తోటివాడితో సమానంగా తన వంతు నెరవేర్చినట్టేనని జవాబిచ్చాడు. ఓడలు ఆగలేదు.

ఆ జవాబు విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. మాట గౌరవంగానే ఉంది. కానీ ఆ గౌరవాన్ని అడ్డం పెట్టుకునే ఇంకా వేల మందిని ఆ ఓడల్లోకి ఎక్కించారు. లెవయతాన్ అనే ఓడ సెప్టెంబరు 29న తొమ్మిది వేల మంది సైనికులతో న్యూయార్క్ రేవు వదిలింది. బయలుదేరకముందే నూట ఇరవై మంది జబ్బుపడితే దింపేశారు. మిగిలినవారిలో రోగం లేనట్టే భావించారు. రెండు రోజులు తిరగకుండానే కింది అంతస్తుల్లో వందల మంది పడిపోయారు. ముక్కుల నుంచి కారిన నెత్తురుతో నేలంతా తడిసి జారుతుంటే, అందులోనే నడుస్తూ జబ్బుపడినవారిని మోశారని ఆనాటి నివేదికల్లో ఉంది. అక్టోబరు 7న ఫ్రాన్సులోని బ్రెస్ట్ రేవు చేరేసరికి ఓడలో శవాలు ఉన్నాయి.

సందేహజీవి గారూ, మీరు చెప్పిన రైతు తన ఇంట్లో, తన మంచం మీద జబ్బుపడ్డాడు. వాన్‌ను ప్రభుత్వం పిలిచింది, వేల మందితో ఒకే చోట పడుకోబెట్టింది. తేడా అక్కడుంది.

శ్వాసవైద్యుడు:
నేను ఊపిరితిత్తుల వైద్యుణ్ణి. ఆ శిబిరాల గురించి కొంత చదివాను. బోస్టన్ దగ్గర క్యాంప్ డెవెన్స్‌ను సుమారు 36 వేల మంది కోసం కట్టారు. 1918 సెప్టెంబరు నాటికి అందులో 45 వేల మందికి పైగా ఉన్నారు. నెల రెండో వారంలో మొదలైన జ్వరం రోజుల్లోనే శిబిరాన్ని చుట్టేసింది. విలియం వెల్చ్ వంటి పేరున్న వైద్యుడు అక్కడికి వెళ్లి, శవపరీక్షల బల్ల మీద ఆ ఊపిరితిత్తులను చూసి, ఇది ఏదో కొత్త రకం అంటురోగం అయి ఉండాలన్నాడు. అమెరికాలో వైద్యవిద్యకు మూలస్తంభం లాంటి మనిషి ఆయన.

ఇక వాన్ శరీరంలో జరిగింది. శవపరీక్షలో ఛాతీలో 300 మిల్లీలీటర్ల పారదర్శకమైన ద్రవం కనిపించింది. ఎడమ ఊపిరితిత్తి బాక్టీరియా న్యుమోనియాతో గట్టిపడిపోయింది. కుడివైపు మాత్రం రోగం ఇంకా తొలిదశలోనే ఉంది. ఈ తేడాయే అసలు సంగతి.

ఇన్‌ఫ్లూయెంజా వైరస్ శరీరంలో ఎక్కువ రోజులు ఉండదు. గొంతు, గాలిగొట్టాల లోపలి పొరను ధ్వంసం చేసి నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. ఆ పొర పోయిన తర్వాత, మామూలుగా గొంతులో ఊరికే ఉండే బాక్టీరియా లోపలికి దిగుతుంది. 1918లో చనిపోయినవారిలో ఎక్కువమందిని చంపింది ఈ రెండో దెబ్బే. 2008లో ఆనాటి శవపరీక్షల నమూనాలను మళ్లీ పరిశీలించి శాస్త్రవేత్తలు ఈ మాటే చెప్పారు. పెన్సిలిన్‌ను కనిపెట్టింది 1928లో. వాన్ కాలంలో వైద్యుల చేతిలో ఏమీ లేదు.

అందుకే వారం పది రోజులు జబ్బుపడి చనిపోయినవారి ఊపిరితిత్తుల్లో వెతికితే వైరస్ దొరకదు. వాన్ ఎడమ ఊపిరితిత్తి అతన్ని చంపింది. కుడి ఊపిరితిత్తి ఆ సమయానికి రోగంలో వెనకబడి ఉంది కాబట్టి వైరస్ ఆనవాళ్లు అక్కడ మిగిలాయి. ఎడమవైపు ముక్క మాత్రమే దాచి ఉంటే ఈ కథే లేదు.

ఇంకొకటి. మామూలు ఫ్లూ పసిపిల్లలను, ముసలివారిని తీసుకుపోతుంది. 1918 ఫ్లూ ఇరవై నుంచి నలభై ఏళ్లవారిని విపరీతంగా చంపింది. బలమైన రోగనిరోధక శక్తి ఎదురుతిరిగి సొంత ఊపిరితిత్తులనే ముంచిందని ఒక వాదన. ఆ వయసువారు చిన్నతనంలో చూసిన ఫ్లూ వేరే రకం కావడం వల్ల వారికి తగిన రక్షణ లేకపోయిందని మరొక వాదన. నాకు రెండోదాంట్లో బలం ఎక్కువ కనిపిస్తుంది. కోవిడ్ రెండో అలలో నేను వార్డులో ముప్పై ఏళ్లవారిని పోగొట్టుకున్నాను. పెదవులు నీలంగా మారడం చూసినవాణ్ణి. డెవెన్స్ వైద్యుడొకరు చెవుల నుంచి మొదలై ముఖమంతా నీలం కమ్మడం గురించి రాసిన ఉత్తరం చదివినప్పుడు, ఆ రాత్రి మరో పేజీ తిప్పలేకపోయాను.

స్లైడు మేష్టారు:
నమస్కారం అందరికీ. నేను ముప్పై ఏళ్లకు పైగా పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఎనభై ఏళ్లు మైనంలో ఎలా ఉందని చదివేవారికి అనుమానం రావచ్చు. మా పని ఎలా ఉంటుందో చెబుతాను.

శరీరం నుంచి తీసిన ముక్క వెంటనే ఫార్మలిన్‌లో పడాలి. లేకపోతే కుళ్లుతుంది. ఆ తర్వాత ఆల్కహాలులో దశలవారీగా నీరంతా తీసేస్తాం. ఆల్కహాలు పోవడానికి జైలీన్ అనే ద్రావకంలో ముంచుతాం. చివరికి కరిగిన మైనంలో పెట్టి, అచ్చులో పోసి చల్లారనిస్తాం. దాన్నే బ్లాకు అంటాం. చేత్తో పట్టుకుంటే చిన్న సబ్బు బిళ్లలా ఉంటుంది. మధ్యలో గోధుమ రంగు ముక్క కనబడుతుంది.

స్లైడు కావాలంటే ఆ బ్లాకును పల్చని పొరలు కోసే మైక్రోటోమ్ అనే యంత్రానికి బిగించి పిడి తిప్పుతాం. నాలుగైదు మైక్రాన్ల మందంలో పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా వస్తాయి. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతాయి. ఆ రిబ్బనును గోరువెచ్చని నీటి మీద వదిలితే ముడతలు విప్పుకుని చదునుగా పరుచుకుంటుంది. కింద నుంచి స్లైడు పోనిచ్చి పైకెత్తుతాం. మైనం తీసేసి రంగు వేస్తే కణాల కేంద్రకాలు నీలంగా, మిగిలినది గులాబీ రంగులో కనిపిస్తాయి.

బ్లాకు చెక్కుచెదరకుండా దశాబ్దాలు ఉంటుంది. కణాల ఆకారం అలాగే ఉంటుంది. కానీ లోపలి ఆర్ఎన్ఏ, అంటే ఈ వైరస్ జన్యుపదార్థం, అలా ఉండదు. ఫార్మలిన్ దాన్ని ముక్కలుముక్కలు చేస్తుంది. ఇన్‌ఫ్లూయెంజా జన్యుపదార్థం మొత్తం పదమూడు వేలకు పైగా అక్షరాల పొడవు అనుకుంటే, ఆ పాత బ్లాకులో దొరికేవి వందా నూటయాభై అక్షరాల తునకలు. వాటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చి చదవాలి. గోరంత ముక్క నుంచి. పైగా తప్పుగా కోస్తే మళ్లీ తెచ్చుకోవడానికి మరో వాన్ లేడు. ఆ పని చేసినవారి చేతులకు దండం పెట్టాలి.

శ్వాసవైద్యుడు:
మేష్టారూ, మీరు చెప్పిన ఆ చేతుల్లో ముఖ్యమైనవి ఆన్ రీడ్‌వి. జెఫరీ టాబెన్‌బర్గర్ ల్యాబులో ఆమె పనిచేసేవారు. వాన్ ముక్కను పంపిన వాషింగ్టన్ సైనిక పాథాలజీ సంస్థలోనే ఆ ల్యాబు ఉండేది. ఆ సంస్థకు మూలం 1862లో, అమెరికా అంతర్యుద్ధ కాలంలో పెట్టిన సైనిక వైద్య మ్యూజియం. దానికి నిధులు తగ్గించాలన్న మాటలు వినిపిస్తున్న రోజుల్లో వాళ్లు ఈ పని తలపెట్టారు. అంతకుముందు కుళ్లిపోయిన డాల్ఫిన్ల కళేబరాల నుంచి వైరస్ జన్యుపదార్థం తీయడం నేర్చుకున్నారు. ఆ నేర్పే ఇక్కడ ఉపయోగపడింది. 1996లో వాన్ ముక్కలో వైరస్ తునకలు దొరికాయి. 1997 మార్చిలో సైన్స్ పత్రికలో వ్యాసం వచ్చింది. తర్వాత న్యూయార్క్ దగ్గర క్యాంప్ అప్టన్‌లో చనిపోయిన జేమ్స్ డౌన్స్ అనే ముప్పై ఏళ్ల సైనికుడి ముక్కలోనూ దొరికాయి. అతను పోయింది కూడా సెప్టెంబరు 26నే.

కృష్ణాతీరం:
ఇదంతా చదువుతుంటే ఒక విషయం మనసులో మెదులుతోంది. వాన్‌ను గానీ అతని ఇంటివాళ్లను గానీ ఎవరైనా అడిగారా? ఆ రోజుల్లో శవపరీక్షలో తీసిన ముక్కను దాచుకోవడానికి ఇప్పటిలాంటి అనుమతి పద్ధతులు లేవు. సైన్యం అంటే సరే సరి. బతికి ఉన్నప్పుడు శరీరం ప్రభుత్వానిది, చనిపోయాక కూడా ప్రభుత్వానిదేనా?

చరిత్రప్రియ:
చాలా సరైన చోట పట్టుకున్నారు. దీనికి పక్కనే పెట్టి చూడవలసిన సంఘటన ఒకటుంది.

అలాస్కాలో బ్రెవిగ్ మిషన్ అనే చిన్న పల్లె. 1918 నవంబరులో ఐదారు రోజుల్లో అక్కడి ఎనభై మంది పెద్దల్లో 72 మంది పోయారు. అందరినీ ఎప్పుడూ కరగని మంచునేలలో ఒకే గోతిలో పాతిపెట్టారు. 1951లో జొహాన్ హల్టిన్ అనే స్వీడన్ విద్యార్థి, అయోవా విశ్వవిద్యాలయం నుంచి అక్కడికి వెళ్లి ఊరి పెద్దలను అనుమతి అడిగాడు. రోగం ఎలాంటిదో తెలిస్తే మందు కనుక్కోవచ్చని వివరించాడు. వాళ్లు ఒప్పుకున్నారు. మంటలు వేసి నేల కరిగించి తవ్వాడు. తెచ్చిన ముక్కల నుంచి వైరస్‌ను బతికించలేకపోయాడు.

1997లో టాబెన్‌బర్గర్ వ్యాసం చదివాడు. అప్పటికి హల్టిన్‌కు 72 ఏళ్లు. సొంత డబ్బుతో మళ్లీ అదే ఊరికి వెళ్లాడు, మళ్లీ ఊరివాళ్లను అడిగాడు. వాళ్లు మళ్లీ సరేనన్నారు. భార్య తోటపనికి వాడే కత్తెరతో ఒక స్త్రీ ఊపిరితిత్తులు కోసి తీశాడు. ఆమె లావుగా ఉండటం వల్ల లోపలి అవయవాలు చెడలేదు. పని అయ్యాక గోతిని పూడ్చి, పాడైపోయిన పాత సిలువల చోట తన చేతులతో చేసిన రెండు పెద్ద చెక్క సిలువలు నిలబెట్టి వచ్చాడు.

పల్లెలో పేదవాళ్లను రెండుసార్లు అడిగారు. సైనికుడిని ఒక్కసారి కూడా అడగలేదు. వైరస్ పూర్తి జన్యుక్రమం 2005 నాటికి బయటపడటానికి వాన్, ఆ పల్లె స్త్రీ ఇద్దరూ కారణమే.

సందేహజీవి:
అడిగి ఉంటే కాదనేవాళ్లని నేను అనుకోను. కానీ 2005లో ఆ జన్యుక్రమం చూసి వైరస్‌ను మళ్లీ తయారుచేశారు. అది నాకు మింగుడుపడని విషయం. కోట్ల మందిని చంపినదాన్ని ల్యాబులో మళ్లీ పుట్టించడం ఎందుకు?

శ్వాసవైద్యుడు:
అప్పట్లో ఎంతోమంది శాస్త్రవేత్తలు కూడా మీలాగే భయపడ్డారు. భయపడటం న్యాయమే. అట్లాంటాలోని సీడీసీలో, అంటే అమెరికా ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థలో, టెరెన్స్ టంపీ ఒక్కరే, గట్టి భద్రతలో, మిగిలినవారు ఇళ్లకు వెళ్లాక ఆ పని చేశారు. ఎలుకలకు ఎక్కిస్తే నాలుగు రోజుల్లో వాటి ఊపిరితిత్తుల్లో మామూలు ఫ్లూ కన్నా 39 వేల రెట్లు ఎక్కువ వైరస్ పెరిగింది. ఆరు రోజుల్లో ఎలుకలన్నీ చనిపోయాయి.

ఉపయోగం ఏమిటంటే, 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు ముసలివారికి ఎందుకు అంతగా సోకలేదో అర్థం కావడానికి ఈ జ్ఞానం పనికొచ్చింది. ఆ వైరస్ పైపొరలోని ముఖ్యమైన ప్రొటీను 1918 నాటిదానికి దగ్గరి చుట్టం. చిన్నప్పుడు దాని వారసులను ఎదుర్కొన్న శరీరాలు గుర్తుపట్టాయి. అయినా సరే, ప్రమాదం లేదని నేను అనను. అలాంటి పని ఏ ల్యాబులో ఎవరి పర్యవేక్షణలో జరుగుతోందో ప్రజలకు తెలియాలి.

మాధవరం మనవడు:
ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను. మా అమ్మమ్మగారిది తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం. ఆ ఊరి గురించి పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. అక్కడ సైన్యంలో మనిషి లేని ఇల్లు వెతకాలి. అమ్మమ్మ తాతగారి తమ్ముడు ఒకాయన మొదటి ప్రపంచయుద్ధంలో ఇప్పటి ఇరాక్‌లోని బస్రా వెళ్లి తిరిగి రాలేదు. 'జ్వరమొచ్చి పోయాడు, యుద్ధంలో పోలేదు' అని ఇంట్లో కాస్త చిన్నబుచ్చుకున్నట్టు చెప్పేవారు. తుపాకి దెబ్బకు పోయి ఉంటే గర్వంగా చెప్పుకునేవారేమో. 1918 చివరలో అని మాత్రం గుర్తు. ఇది కూడా ఆ జ్వరమే అయి ఉంటుందా?

చరిత్రప్రియ:
అయి ఉండవచ్చు. బస్రాలో మలేరియా, కలరా కూడా ఉండేవి కాబట్టి కాగితం చూడకుండా చెప్పలేం. కానీ 1918 శరత్కాలంలో బస్రా ఉన్న మెసొపొటేమియా, పాలస్తీనా రెండుచోట్లా ఇన్‌ఫ్లూయెంజా భారతీయ సైనికులను పట్టుకుంది. పాలస్తీనాలో హైఫా రేవును గెలిచిన అశ్వికదళాల గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం. జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు దాడి చేశారు, మన హైదరాబాదు లాన్సర్లు అదే బ్రిగేడ్‌లో ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాలు ఈ మూడు దళాలవే. ఆ తర్వాత వారం తిరిగేసరికి డమాస్కస్‌లో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. మలేరియా, ఇన్‌ఫ్లూయెంజా కలిసి అశ్వికదళాన్ని పడగొట్టాయి. నాలుగో అశ్విక డివిజన్ ముందుకు కదలలేని స్థితికి వచ్చింది. అలెప్పో వైపు ఐదో డివిజన్ మాత్రమే సాగింది.

మీ ఇంట్లో చిన్నబుచ్చుకోవలసిన అవసరం లేదు. కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంస్థ లెక్క ప్రకారం 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 లోపు సేవలో ఉండగా చనిపోయిన సైనికుడు ఏ కారణంతో పోయినా యుద్ధమృతుడే. గుండుకూ జ్వరానికీ తేడా లేదు. అమెరికా లెక్కల్లో కూడా యుద్ధంలో మరణించినవారు 53 వేల చిల్లర, ఇతర కారణాలతో పోయినవారు 63 వేల చిల్లర. ఆ ఇతర కారణాల్లో సింహభాగం రోగాలదే.

కానీ ఆ సంస్థ మనవాళ్ల విషయంలో చేసిన అన్యాయం వేరే ఉంది. బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు. భారతీయ సిపాయిల విషయంలో దళం పేరు, ఎంతమంది అన్న అంకె వేసి వదిలేశారు. 2021లో ఆ సంస్థే ఒక నివేదికలో ఒప్పుకుంది. ఆసియా, ఆఫ్రికా దేశాల మృతుల్లో కనీసం లక్షా పదహారు వేల మందికి పేరుతో గుర్తింపు లేదు లేదా అసలు గుర్తింపే లేదు.

కృష్ణాతీరం:
అంటే అక్కడ వాన్‌కు పేరుంది, ఊపిరితిత్తి ముక్కకు నంబరుంది. ఇక్కడ మనవాడికి అంకెలో భాగం తప్ప ఏమీ లేదు. ఇంటి దగ్గర పరిస్థితి కూడా అంతే. 1918లో మన దేశంలో ఈ జ్వరానికి కోటికి పైగా పోయారు. 1911 నుంచి 1921 మధ్య దేశ జనాభా పెరగకపోగా తగ్గింది. బొంబాయి రేవులో జూన్‌లో మొదలైన జ్వరం ఓడల్లోనూ రైళ్లలోనూ సైనికుల వెంట తిరిగింది. అయినా ఊళ్లో ఒక్క రాయి లేదు.

మాధవరం మనవడు:
మామయ్య దగ్గర ఒక పతకం ఉంది. రెక్కలున్న స్త్రీ బొమ్మ. దాని నుంచి ఏమైనా తెలుస్తుందా?

చరిత్రప్రియ:
అది విక్టరీ పతకం. బొమ్మ వైపు కాదు, అంచు చూడండి. పతకం అంచు చుట్టూ సన్నని అక్షరాల్లో నంబరు, హోదా, పేరు, దళం వేసి ఉంటాయి. భారతీయ సైనికుల పతకాలకు కూడా వేశారు. గుడ్డతో తుడిచి, పక్కనుంచి వెలుతురు పడేలా ఫోటో తీయమనండి. గట్టిగా తోమవద్దు, అక్షరాలు అరిగిపోతాయి. ఇంట్లో అరచేయంత కంచు బిళ్ల కూడా ఉందేమో అడగండి. సింహం, పక్కన నిలబడిన స్త్రీ ఉంటారు. చనిపోయినవారి కుటుంబాలకు అది ఇచ్చారు. జ్వరంతో పోయినవారికి కూడా ఇచ్చారు. దాని మీద హోదా వేయలేదు, పేరు ఒక్కటే.

మాధవరం మనవడు:
బిళ్ల లేదట. అంచు ఫోటో వచ్చింది. నంబరు స్పష్టంగా ఉంది. పేరు సగం అరిగింది. చివర 2 క్యూ.వి.ఓ. అని, తర్వాత ఎస్ అండ్ ఎమ్ అని ఉంది.

చరిత్రప్రియ:
క్యూ.వి.ఓ. అంటే క్వీన్ విక్టోరియాస్ ఓన్, ఎస్ అండ్ ఎమ్ అంటే సాపర్స్ అండ్ మైనర్స్. అది మద్రాసు సాపర్స్ దళం. బెంగళూరు వాళ్ల కేంద్రం. వంతెనలు, రోడ్లు, నీటి ఏర్పాట్లు చేసే ఇంజినీరింగ్ దళం. మెసొపొటేమియాలో చాలా పనిచేసింది. సమాధుల సంస్థ వెబ్‌సైటులో పేరుతో వెతకవద్దు. మన పేర్లను వాళ్లు ఇష్టం వచ్చినట్టు రాశారు. సుబ్బయ్య ఒకచోట సూబియా, మరోచోట సబ్బాయ్ అవుతాడు. దళం పేరు, నంబరు ఇచ్చి, సంవత్సరం 1918 నుంచి 1919 వరకు పెట్టి వెతకండి. దొరికిన వివరాలు ఇక్కడ పెట్టండి, మిగతాది కలిసి చూద్దాం.